కోట్ల ఖరీదు కార్లు అమ్మడం: బెంగళూరులో ఈ లైన్‌లో ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి

సీమ_షోరూం:

అందరికీ నమస్తే. నాది అనంతపురం, ఎంబీఏ కోసం బెంగళూరొచ్చి ఇక్కడే ఉండిపోయా. మొన్నటిదాకా ఒక జర్మన్ బ్రాండ్ షోరూంలో సేల్స్ చేశా, 60 లక్షల నుంచి కోటిన్నర దాకా బండ్లు, అక్కడ నా నంబర్లు బానే ఉండేవి. ఈమధ్యే 4 కోట్ల పైబడిన బండ్లు అమ్మే షోరూంకి మారాను. బ్రాండ్ పేరు రాయను, అర్థం చేసుకోండి.

పాత చోట పద్ధతి అంతా తెలుసు. ఎంక్వైరీ వస్తుంది, ఫోన్ చేస్తాం, ఫ్యామిలీతో వస్తారు, టెస్ట్ డ్రైవ్, కొటేషన్, పాత బండి ఎక్స్ఛేంజ్, లోన్, నెలాఖరులో మేనేజర్‌తో మాట్లాడి ఇంకొంచెం తగ్గిస్తే బుకింగ్ అయిపోతుంది. ఇక్కడ అవేవీ నడవట్లేదు. అసలు కస్టమర్ షోరూం గడప తొక్కడు. పీఏ ఫోన్ చేస్తాడు, లేకపోతే వాళ్ళ ఆఫీసు నుంచి ఎవరో మెయిల్ పెడతారు, వివరాలు పంపమంటారు, పంపిస్తే ఇక చడీచప్పుడు ఉండదు. ఒకాయన అయితే కలర్ కూడా ఫైనల్ చేసి, లోపల లెదర్ కూడా చూసుకుని, అడ్వాన్స్ సోమవారం వేయిస్తా అన్నాడు, ఆ సోమవారం నుంచి ఫోన్ ఎత్తట్లేదు, కానీ మా మేనేజర్‌కి మాత్రం పండక్కి స్వీట్లు పంపించాడు. దీన్ని నేను ఏమనుకోవాలి?

ఇంకో గోల ఏంటంటే ప్రతి ఒక్కరూ మూడు మాటలే అంటున్నారు. ఒకటి, బ్రిటన్‌తో వాణిజ్య ఒప్పందం అయింది కదా, దిగుమతి డ్యూటీ తగ్గాక చూద్దాం. రెండు, టాక్స్ తక్కువ కదా, పాండిచ్చేరిలో రిజిస్టర్ చేసిస్తావా. మూడు, మా ఆడిటర్‌తో మాట్లాడు. ఆడిటర్‌తో మాట్లాడితే ఆయన ఈ ఏడాది వద్దంటాడు. పైన మా మేనేజర్ ప్రతి శుక్రవారం ఎన్ని కాల్స్ చేశావు, ఎన్ని హాట్ లీడ్స్ (త్వరలో కొనేలా ఉన్నవాళ్ళు) ఉన్నాయి అని షీట్ అడుగుతాడు, పాత షోరూంలో అడిగినట్టే.

నాకు బండ్లంటే ప్రాణం, ఈ లైన్ వదలాలని లేదు, ఇందులోనే పెద్దగా ఎదగాలని ఉంది. డబ్బున్నవాళ్ళు ఎందుకు ఆలస్యం చేస్తారు, వాళ్ళతో ఎలా మాట్లాడాలి, ఎంతవరకు ఫాలోఅప్ చెయ్యాలి, ఇవి తెలిసినవాళ్ళు వివరంగా రాయండి. చెన్నైలో చేసినవాళ్ళు ఉన్నా చెప్పండి, కస్టమర్ అటూ ఇటూ ఒకటే అనుకుంటా.

పాత_లావెల్_రోడ్:

తమ్ముడూ, నేను ఈ సెగ్మెంట్‌లో చాలా ఏళ్ళు చేసి ఇప్పుడు సొంత పని చూసుకుంటున్నా కాబట్టి ఓపెన్‌గా రాస్తా.

ముందు మార్కెట్ ఎంతో చూడు. లంబోర్గిని మన దేశం మొత్తం మీద 2023లో అమ్మింది 103 బండ్లు, 2024లో 113. రోల్స్ రాయిస్ 2024లో ప్రపంచం మొత్తానికి కలిపి ఇచ్చినవే 5,712. అంటే బెంగళూరులో నీ బండి కొనగలిగి, కొనాలనే మనసు కూడా ఉన్న ఇళ్ళు ఎన్ని ఉంటాయో నువ్వే ఊహించుకో. సదాశివనగర్, డాలర్స్ కాలనీ, కోరమంగళ మూడో బ్లాకు, వైట్‌ఫీల్డ్ వైపు విల్లాలు, ఎయిర్‌పోర్ట్ రోడ్డు, అంతే. వాళ్ళంతా ఒకరికొకరు తెలుసు. ఒకే క్లబ్బు, ఒకే స్కూలు, ఒకే పెళ్ళిళ్ళు. నీ పాత షోరూంలో వంద మందికి ఫోన్ చేస్తే నలుగురు కొనేవాళ్ళు, మిగతా వాళ్ళని మర్చిపోయినా నష్టం లేదు. ఇక్కడ ఒక్కడిని విసిగించినా ఆ మాట పది ఇళ్ళకి వెళ్తుంది. కాబట్టి సోమవారం అన్న పెద్దాయనకి మళ్ళీ మళ్ళీ ఫోన్ చెయ్యకు. ఆయన స్వీట్లు పంపాడంటే మీ షోరూంతో సంబంధం తెంచుకోలేదనే అర్థం. ఆయన బిజినెస్‌లో ఏదో ఒకటి అడ్డం పడి ఉంటుంది, ఒక ల్యాండ్ డీల్ ఆగి ఉండొచ్చు, ఇంట్లో పెద్దవాళ్ళకి ఒంట్లో బాలేక ఉండొచ్చు, అన్నదమ్ముల మధ్య వాటాల మాట నడుస్తూ ఉండొచ్చు, ఆ టైంలో ఇంటి ముందు 8 కోట్ల బండి దిగితే ఎంత ఇబ్బందో నీకు చెప్పరు, చెప్పాల్సిన అవసరం కూడా వాళ్ళకి లేదు.

వీళ్ళ దగ్గర డబ్బు అడ్డం కాదు, టైము అడ్డం, చుట్టూ ఉన్న మనుషులు అడ్డం. కొనేది ఒక్కడే గానీ సరే అనాల్సినవాళ్ళు చాలామంది ఉంటారు. ఆడిటర్, పీఏ, డ్రైవర్, భార్య, ఫారిన్‌లో చదివే కొడుకు, కొన్ని ఇళ్ళల్లో సిద్ధాంతి. వీళ్ళల్లో ఎవరు వద్దన్నా బండి ఆగిపోతుంది. నేను మొదటిసారి ఎవరింటికి వెళ్ళినా బండి గురించి చాలా తక్కువ మాట్లాడేవాడిని. వాళ్ళ వాడకం అడిగేవాడిని. వెనక కూర్చుంటారా, తనే తోలతారా, వీకెండ్ నంది హిల్స్ పోతారా, తిరుపతి పోతారా, వెనక సీట్లో పెద్దావిడ ఎక్కి దిగాలా. ఈ చివరిది చాలా ముఖ్యం. ఒకింట్లో అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు, కింద కూర్చునే సెడాన్ వద్దని, మరీ ఎత్తున్న ఎస్‌యూవీ వద్దని ఆవిడే తేల్చేసింది, కొడుకు చూసుకున్న స్పెసిఫికేషన్లన్నీ పక్కకి పోయాయి.

డ్యూటీ సంగతి ఆడిటర్లు ఎవరైనా రాస్తారేమో చూద్దాం, నేను కాన్ఫిగరేషన్ గురించి చెప్తా. ఈ బండ్లు స్టాక్‌లోంచి తీసి ఇచ్చేవి తక్కువ. రోల్స్ రాయిస్ గుడ్‌వుడ్‌లో, బెంట్లీ క్రూలో, లంబోర్గిని సాంతాగతలో, ఫెరారీ మారనెల్లోలో తయారవుతాయి, కస్టమర్ కోరిన కలర్, కుట్టు దారం, చెక్క, అన్నీ ఆర్డర్ మీద. ఆ రోల్స్ రాయిస్ లోపల పైకప్పుకి నక్షత్రాల్లాగా లైట్లు ఉంటాయి చూడు, ఆ లెదర్‌కి చిల్లులు చేత్తో పెట్టి ఒక్కో ఫైబర్ దూర్చుతారు. ఈ కథ పీఏకి మెయిల్‌లో పంపితే ఎవరూ చదవరు. లెదర్ ముక్కలు, పెయింట్ శాంపిళ్ళు బ్యాగులో పెట్టుకుని వాళ్ళు రమ్మన్న టైంకి, రాత్రి 9 అన్నా సరే, వాళ్ళ ఇంటికే వెళ్ళు. దారం రంగు దగ్గర భార్యాభర్తలు ఇద్దరూ వాదించుకోవడం మొదలైందంటే ఆ ఇంట్లో బండి కొనేసినట్టే, నువ్వు నోరు మూసుకుని కూర్చోవాలి. ఆర్డర్ పెట్టాక నెలల తరబడి వెయిటింగ్ ఉంటుంది, అసలు భయం అక్కడ. మనసు మారేది అప్పుడే. ఫ్యాక్టరీ నుంచి ఏ చిన్న అప్‌డేట్ వచ్చినా వాళ్ళకి పంపు, లేటైతే లేటని ముందే చెప్పు. ఓడ లేటయిన సంగతి కస్టమరే ఫోన్ చేసి కనుక్కునే పరిస్థితి తెచ్చుకున్నావంటే ఇక నీ మాట వినడు.

మల్లేశ్వరం_ఆడిటర్:

నేను సీఏ ప్రాక్టీస్‌లో ఉన్నా, మాది నెల్లూరు, ఇక్కడ మల్లేశ్వరంలో ఆఫీసు. తమ్ముడూ, "ఆడిటర్ వద్దంటాడు" అని రాశావు కదా, ఆ ఆడిటర్ వైపు నుంచి చెప్తా.

మీ సేల్స్ వాళ్ళు క్లయింట్‌కి ఎక్స్-షోరూం ధర, అంటే రోడ్డు టాక్స్, ఇన్సూరెన్స్ కలపని ధర, చెప్పి వెళ్ళిపోతారు, మిగతాది మేం చెప్పాలి, అక్కడే చెడేది. ఉదాహరణకి రోల్స్ రాయిస్ వాళ్ళ ఎస్‌యూవీ కలినన్ సిరీస్ 2 ఇక్కడికి 2024లో వచ్చినప్పుడు 10.5 కోట్లు ఎక్స్-షోరూం. కర్ణాటకలో 20 లక్షలు దాటిన కారుకి లైఫ్ టాక్స్ 18 శాతం, ఆ టాక్స్ మీద 11 శాతం సెస్సు, అన్నీ కలిపితే దాదాపు 20 శాతం, అంటే ఆ బండికి రోడ్డు టాక్సే 2 కోట్ల 10 లక్షలు. బండి ధర మీద 1 శాతం టీసీఎస్, అంటే షోరూం ముందే వసూలు చేసే ఇన్‌కమ్ టాక్స్, పదిన్నర లక్షలు, ఇది పోయే డబ్బు కాదు, రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది, అయినా కట్టేటప్పుడు చేతిలోంచే పోవాలి కదా. ఇన్సూరెన్స్ వేరే. ఇదంతా మొదటి రోజే ఒక్క కాగితం మీద రాసిచ్చేవాడంటే నాకు గౌరవం, మూడో మీటింగ్‌లో ఒక్కొక్కటే బయటపెట్టేవాడిని నేను క్లయింట్ దగ్గరికి రానివ్వను.

డ్యూటీ లెక్క చూడు. పూర్తిగా తయారై వచ్చే కారు ఓడరేవుకి వచ్చేసరికి 40 వేల డాలర్లు దాటితే 110 శాతం పడుతుంది. 2025 బడ్జెట్‌లో బేసిక్ డ్యూటీ 70కి తగ్గించి, పైన 40 శాతం వ్యవసాయ సెస్సు వేశారు, తగ్గిందని పేపర్లలో రాశారు గానీ మొత్తం అంతే. దాని మీద జీఎస్టీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద కార్లకి సెస్సు తీసేసి మొత్తంగా 40 శాతం చేశారు, అంతకుముందు ఎస్‌యూవీకి సెస్సుతో కలిపి 50 ఉండేది. ఓడరేవు దగ్గర కోటి రూపాయలున్న బండి డ్యూటీతో 2 కోట్ల 10 లక్షలు, జీఎస్టీతో 2 కోట్ల 94 లక్షలు, డీలర్ మార్జిన్ కలపకముందే. పాత లెక్కలో ఇది 3 కోట్ల 15 లక్షలు. అంటే జీఎస్టీ మార్పుతో ఒక తగ్గింపు ఆల్రెడీ వచ్చేసింది, ఇది చాలామంది క్లయింట్లకి తెలీదు. నువ్వు చెప్పొచ్చు, ఇది నిజం కాబట్టి.

బ్రిటన్ ఒప్పందం 2025 జూలై 24న సంతకం అయింది, యూరప్‌తో కూడా చర్చలు ముగిశాయని 2026 జనవరిలో ప్రకటించారు. రెండిట్లోనూ కార్ల డ్యూటీ కోటా ప్రకారం (ఏడాదికి ఇన్ని బండ్లకే అని), మెల్లమెల్లగా దిగుతుంది, ఒక్క రాత్రిలో 10 శాతానికి రాదు. క్లయింట్‌కి ఇది చెప్పేటప్పుడు ఆగమని గానీ ఇప్పుడే కొనమని గానీ తోసెయ్యకు. ఆగితే ఎంత రావొచ్చు, ఆ కోటాలో ఈ మోడల్ పడుతుందా, బ్రాండ్ వాళ్ళు రాతపూర్వకంగా ఏం చెప్తున్నారు, ఇంతవరకే. పెద్ద వ్యాపారాలు చేసేవాళ్ళు లెక్క చూసుకుని తామే తేల్చుకుంటారు, నువ్వు తోస్తున్నావని అనిపించిందా ఇక నీ కాగితాలేవీ నమ్మరు.

కంపెనీ పేరు మీద కొంటే 15 శాతం డిప్రిసియేషన్ (బండి విలువ తరుగుదల) ఖర్చు కింద క్లెయిమ్ చేసుకోవచ్చు, లోన్ వడ్డీ కూడా, అందుకే బ్యాంకులో డబ్బు మూలుగుతున్నా లోన్ తీసుకుంటారు. కట్టిన జీఎస్టీకి క్రెడిట్ మాత్రం రాదు, వస్తుందని ఏ సేల్స్‌మన్ చెప్పినా నమ్మొద్దు. ఇంకో సంగతి, ఆ ఏడాదిలో బండి 180 రోజులు వాడితేనే పూర్తి డిప్రిసియేషన్, లేకపోతే సగమే. అంటే మామూలు ఏడాదిలో అక్టోబర్ 3కి బండి రోడ్డు మీద ఉండాలి. ఇప్పుడు ఈ తేదీ పక్కన మన పంచాంగం పెట్టి చూడు. ఆషాఢంలో కొనరు, శ్రావణంలో కొంటారు, భాద్రపదంలో మహాలయ పక్షాలు వచ్చాయంటే మళ్ళీ ఆగుతారు, ఆయుధపూజకి బండి కావాలంటారు. 2025లో విజయదశమి అక్టోబర్ 2న పడింది కాబట్టి సరిపోయింది, 2024లో 12న వచ్చింది, అప్పుడు సిద్ధాంతి మాటకీ నా మాటకీ పొసగలేదు. డెలివరీ నెల ప్లాన్ చేసేటప్పుడు ఆడిటర్‌కి ముందే ఫోన్ చేసి అడిగే సేల్స్‌మన్ దొరికితే నేనే క్లయింట్‌కి సరే అనమని చెప్తా.

పాండిచ్చేరి మాటకొస్తే, వద్దు. అక్కడ నిజంగా ఆఫీసు, అడ్రస్ ఉండి అక్కడ వాడితే వేరే విషయం. దొంగ అడ్రస్‌తో చేసి ఇక్కడ తిప్పితే పట్టుకుంటారు. 2025 ఫిబ్రవరిలో బెంగళూరులో రవాణా శాఖ వాళ్ళు ఒక్క డ్రైవ్‌లో 30 లగ్జరీ కార్లు సీజ్ చేశారు. అదే ఏడాది జూలైలో మహారాష్ట్ర రిజిస్ట్రేషన్ ఉన్న ఒక ఫెరారీకి ఫైన్‌తో కలిపి 1.41 కోట్లు కట్టించుకున్నారు, ఒక్క రోజులో. వేరే రాష్ట్రం బండి 12 నెలలు దాటి ఇక్కడ ఉంచితే మళ్ళీ రిజిస్టర్ చేయించాల్సిందే. ఈ రిస్కు నీ నోటితో నువ్వే చెప్పు. క్యాష్ గురించి కూడా, 2017 ఏప్రిల్ నుంచి 2 లక్షలు, ఆ పైన క్యాష్ తీసుకుంటే తీసుకున్నవాడికి అంతే మొత్తం పెనాల్టీ. ఎవరైనా "కొంత ఇలా, కొంత అలా" అంటే మర్యాదగా కాదని చెప్పి వచ్చెయ్.

జయనగర్_కుర్రాడు:

నేను కొనే వైపు నుంచి రాస్తున్నా. మా నాన్న మదనపల్లె నుంచి వచ్చి ఇక్కడ వ్యాపారం మొదలుపెట్టారు, ఇప్పుడు నేనూ అన్నయ్యా చూసుకుంటున్నాం. ఈ రేంజ్ బండి ఇంట్లో ఉంది, అందుకే పేరు పెట్టట్లేదు.

మేం ఒక షోరూం ఎందుకు వదిలేశామో చెప్తా. బండి చూడ్డానికి మా అమ్మని తీసుకెళ్ళాం. ఆ సాయంత్రమే అక్కడి వాళ్ళు మా ఫొటో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేశారు, అడగలేదు కూడా. బంధువుల ఫోన్లు, ఫ్యాక్టరీలో వర్కర్లు చూశారు, అదే నెల వాళ్ళ బోనస్ మాట నడుస్తోంది. నాన్న ఒక్క మాటే అన్నారు, ఇక ఆ గడప తొక్కొద్దని. డెలివరీ రోజు పెద్ద గుడ్డ కప్పి, లైట్లు, కేక్, పాట, ఇవి కొందరికి ఇష్టం ఉండొచ్చు, మాకు మాత్రం వద్దు. తెల్లారి బ్రాహ్మీ ముహూర్తానికి బండి ఇంటికి రావాలి, పంతులుగారు పూజ చెయ్యాలి, నిమ్మకాయలు తొక్కించాలి, గుడికి పోయి రావాలి, అంతే. అడిగితే చెప్తాం కదా, ఆ ఒక్క ప్రశ్న ఎవరూ అడగరు.

ఇంకోటి, మనుషులు మారిపోతూ ఉండటం. ఈ ఏడాది ఒకడు, వచ్చే ఏడాది ఇంకొకడు, ప్రతిసారీ మా వాడకం మొదటి నుంచి చెప్పుకోవాలి. ఒక్క మనిషి ఉండి, సర్వీసుకైనా టైరుకైనా ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కైనా అతనికే ఫోన్ చేస్తే పని అయిపోవాలి. మా అన్నయ్య రెండో బండి అలాంటి మనిషి దగ్గరే తీసుకున్నాడు, వేరే బ్రాండ్ ఇష్టం ఉన్నా సరే.

డిస్కౌంట్ అడుగుతామా అంటే కచ్చితంగా అడుగుతాం. మా నాన్న కూరగాయలకి కూడా బేరం ఆడతారు. మాకు ఇచ్చిన రేటూ పక్కింటాయనకి ఇచ్చిన రేటూ ఒకటేనా అనేది తెలియాలి, తర్వాత పెళ్ళిలో ఎదురుపడి ఆయన నవ్వుకూడదు కదా. ఒకటే రేటని నమ్మకంగా చెప్పగలిగితే మేం ఊరుకుంటాం.

బండి_తోలే_చిత్తూరోడు:

అన్నా నేను డ్రైవర్ని, మాది చిత్తూరు దగ్గర పల్లె, ఇక్కడ ఒక సార్ దగ్గర చానా ఏండ్లుగా పెద్ద బండ్లు తోల్తాండాను. పైన అన్న డ్రైవర్ అని ఒక్క మాట రాసినాడు, దాని గురించి నేను చెప్తా.

కొత్త బండి చూసొచ్చినాక సార్ కార్లో కూర్చోని మొదట అడిగేది నన్నే, ఎట్లుంది రా అని. షోరూమోళ్ళు సార్‌కి కాఫీ ఇస్తారు, నన్ను గేటు బయట నిలబెడతారు. నాకు కాఫీ అక్కర్లేదన్నా, బండి చూపిస్తే చాలు. బండి రోజూ నా చేతిలో ఉండేది. యాడ తగుల్తుందో, యాడ గీసుకుంటుందో నాకే తెలిసేది. కలినన్ పొడుగు 5 మీటర్ల 30 సెంటీమీటర్లు పైనే ఉండాది, వాళ్ళదే సెడాన్ ఘోస్ట్ ఇంకా పొడుగు. మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ ర్యాంపు మలుపు అట్లాంటి బండికి ఒక్క దెబ్బకి తిరగదు, వెనక్కి ముందుకి పోవల్ల, పక్క పిల్లర్ కాడ చెయ్యి వణుకుతుంది. ఒక చోట బండి కొన్నాక ర్యాంపు దిగక పక్క బిల్డింగులో జాగా అద్దెకి తీసుకున్నారు. స్పోర్ట్స్ బండికైతే ముందు భాగం పైకి లేపే బటన్ ఉండాదా లేదా అది ముందు చూడల్ల, మన గల్లీల్లో ఎవురికి వాళ్ళు పోసుకున్న స్పీడ్ బ్రేకర్లు ఉండాయి కదా, అవి ఒక లెక్కలో ఉండవు.

అందుకే టెస్ట్ డ్రైవ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీద ఇవ్వొద్దన్నా, అక్కడ ఏ బండైనా బాగుంటుంది. బండి సార్ ఇంటికి తీసకరా, ర్యాంపు దించు, సార్ ఆఫీసు పోర్టికో కాడ ఆపు, మేడమ్‌ని స్కూలు దారిలో తీసకపో. డ్రైవర్ చేత తోలించు. వానాకాలంలో సర్జాపూర్ రోడ్డు సైడు ఉండేవాళ్ళయితే నీళ్ళ సంగతి మాట్లాడు. 2022 సెప్టెంబర్‌లో యమలూరు కాడ విల్లాల్లో బెంట్లీ, లెక్సస్ అన్నీ మునిగిపోయినాయి, టీవీలో అందరూ చూసినారు. నీళ్ళు ఇంజిన్లోకి పోయినాక స్టార్ట్ కొడితే మామూలు ఇన్సూరెన్స్ ఇవ్వరు, ఇంజిన్ ప్రొటెక్ట్ వేరేగా తీసుకోవల్ల, అది కొనే రోజే చెప్పేవాళ్ళు తక్కువ. టైరు పోతే ఎన్ని రోజులకి వస్తుందో అదీ చెప్పల్ల. టైరు లేక బండి కవర్ కప్పి పెట్టినారంటే ఆ కోపమంతా మా మీదకొస్తుంది.

డెలివరీ అయినాక డ్రైవర్‌కి ఒక పూట కూర్చోబెట్టి అన్నీ నేర్పించండి. స్క్రీన్లు, సస్పెన్షన్ లేపేది, డోరు దానంతట అదే మూసుకునేది. సార్ ముందు మాకు తెలీక తడబడితే బండే బాలేదని అనుకుంటారు.

సీమ_షోరూం:

అన్నా, అక్కా, అందరికీ చానా థ్యాంక్స్, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. చిత్తూరన్న రాసిన ర్యాంపు సంగతి రేపట్నుంచే మొదలుపెడతా, ప్రతి ఇంటి పార్కింగ్ ముందే చూసొస్తా. ఆడిటర్ అక్క చెప్పిన కాగితం కూడా తయారు చేస్తున్నా, ధర, లైఫ్ టాక్స్, టీసీఎస్, ఇన్సూరెన్స్, ఇంజిన్ కవర్, టైర్ల రేటు, అన్నీ ఒకే పేజీలో.

రెండు అడగాలి. కొందరు ఎలక్ట్రిక్ గురించి అడుగుతున్నారు, అందులో టాక్స్ తేడా ఎంత? ఇంకోటి, మూడేళ్ళ తర్వాత అమ్మితే ఎంతొస్తుంది అని అడిగితే ఏం చెప్పాలి? మా మేనేజర్ ఆ టాపిక్కే ఎత్తొద్దంటాడు.

మల్లేశ్వరం_ఆడిటర్:

ఎలక్ట్రిక్‌కి దిగుమతి డ్యూటీ అంతే, జీఎస్టీ మాత్రం 5 శాతం. పైన చెప్పిన కోటి బండి 2 కోట్ల 94 బదులు 2 కోట్ల 20 లక్షల దగ్గర ఆగుతుంది. కర్ణాటకలో 25 లక్షలు దాటిన ఈవీలకి 2024లో 10 శాతం లైఫ్ టాక్స్ పెట్టారు, అయినా పెట్రోల్ బండి 18తో చూస్తే తక్కువే. రోల్స్ రాయిస్ ఎలక్ట్రిక్ బండి స్పెక్టర్ 2024 జనవరిలో ఇక్కడ 7.5 కోట్లకి వచ్చిందంటే ఆ జీఎస్టీ వల్లే. ఛార్జర్ పెట్టడానికి అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఒప్పుకుంటుందా అది ముందు కనుక్కో, విల్లా అయితే ఆ సమస్య ఉండదు.

సెకండ్స్_హెబ్బాల్:

రీసేల్ నా పని కాబట్టి నేను చెప్తా. మీ మేనేజర్ ఆ టాపిక్ ఎత్తొద్దంటే కస్టమర్ నా దగ్గరికొచ్చి అడుగుతాడు, అడుగుతూనే ఉన్నారు. ఈ బండ్లకి రెండో కస్టమర్ దొరకడం కష్టం, దొరికినా కట్టిన రోడ్డు టాక్స్ ఎవడూ లెక్కలోకి తీసుకోడు, 2 కోట్ల టాక్స్ కట్టిన బండి అమ్మేటప్పుడు ఆ 2 కోట్లు పోయినట్టే అనుకోవాలి. మా లాంటి డీలర్లకి మార్జిన్ మీద 18 శాతం జీఎస్టీ ఉంది, అది కూడా కొనే రేటులోనే చూసుకుంటాం. వేరే రాష్ట్రం బండి అయితే ఎన్‌వోసీ (అక్కడి ఆర్టీవో అభ్యంతరం లేదని ఇచ్చే కాగితం), మళ్ళీ టాక్స్, ఆ తలనొప్పికి రేటు ఇంకా తగ్గిస్తాం.

రేటు బాగా పడిపోయేది ఎక్కడంటే, తనకి మాత్రమే నచ్చే స్పెసిఫికేషన్ దగ్గర. సీటు మీద ఇంటిపేరు కుట్టించుకోవడం, వాళ్ళ కంపెనీ లోగో రంగులో లెదర్, అవి వాళ్ళకి ముద్దు, నా దగ్గరికొచ్చేవాడికి వద్దు. కొందరు ఆ బండి జీవితాంతం ఉంచుకుంటారు, వాళ్ళకి చేయించండి, సంతోషమే. రెండేళ్ళకోసారి మార్చే అలవాటున్న వాళ్ళకి మాత్రం ఆర్డర్ పెట్టేటప్పుడే చెప్పండి, తర్వాత చెప్పి లాభం లేదు. నంబర్ ప్లేట్ పిచ్చి వేరే, హైదరాబాద్ ఖైరతాబాద్‌లో 2024 ఆగస్టులో 9999 నంబర్ 25 లక్షల 50 వేలకి పోయింది, మన వాళ్ళకి నంబర్ అంటే అంత ఇష్టం, బండి అమ్మేటప్పుడు దానికి రూపాయి రాదు.

జయనగర్ తమ్ముడు రేటు అందరికీ ఒకటే అని చెప్తే చాలన్నాడు. నా అనుభవంలో అది చాలదు. కొనేటప్పుడే బైబ్యాక్, అంటే తర్వాత షోరూమే బండి వెనక్కి కొంటే ఎంతిస్తారో, రాతలో అడిగేవాళ్ళు పెరుగుతున్నారు, షోరూం ఆ మాట ఇవ్వగలిగితే డిస్కౌంట్ కంటే అదే గట్టిగా పనిచేస్తుంది.

జయనగర్_కుర్రాడు:

అన్నా, మా ఇంట్లో బండ్లు అమ్మం, నాన్న ఒప్పుకోరు, పాత అంబాసిడర్ కూడా షెడ్డులో ఉంది. అందుకే నాకు బైబ్యాక్ తట్టలేదు. మార్చే అలవాటున్న ఫ్రెండ్స్ అయితే మీరన్నట్టే అడుగుతారు, ఒప్పుకుంటా.

అడయార్_మనిషి:

చెన్నై గురించి ఒక్క మాట. ఇక్కడ ఆషాఢం లెక్క కాదు, ఆడి మాసం, జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా. మన తెలుగు కస్టమర్ ఆషాఢం అంటాడు, తమిళ కస్టమర్ ఆడి అంటాడు, రెండూ కలిస్తే దాదాపు రెండు నెలలు డెలివరీలు ఉండవు. ఆ టైంలో మేం ఇళ్ళకెళ్ళి కలర్లు, లెదర్ చూపించుకుంటాం, ఆర్డర్ కాగితం మీద సంతకం మాత్రం మంచి రోజు చూసి పెడతారు. ఇక్కడ కస్టమర్ ఇంకా తక్కువ మాట్లాడతాడు, ఇంటి ముందు బండి కనపడటమే వద్దనేవాళ్ళు ఎక్కువ, బెంగళూరులో కుర్రాళ్ళు కాస్త చూపించుకుంటారు. మిగతాదంతా పైన పెద్దలు రాసిందే.

సీమ_షోరూం:

అన్నిటికీ జవాబు దొరికింది, ఒక్క శుక్రవారం షీట్ తప్ప. కాల్స్ కౌంట్ లేకపోతే మేనేజర్ ఒప్పుకోడు, కాల్స్ చేస్తే కస్టమర్ ఒప్పుకోడు. దీనికి ఎవరైనా దారి చెప్పండి.

పాత_లావెల్_రోడ్:

షీట్ ఆపొద్దు, కాలమ్స్ మార్చు. కాల్స్ కౌంట్ ఉన్న చోట ఒక్కో ఇంటికి ఇవి రాయి: బండి ఎవరు వాడతారు, వద్దనే అవకాశం ఎవరికి ఉంది, ఆడిటర్‌తో మాట్లాడావా, పార్కింగ్ చూశావా, డ్రైవర్ తోలాడా, కస్టమర్ నోటితో చెప్పిన తర్వాతి తేదీ ఏది. ఆ తేదీ వచ్చేదాకా ఫోన్ చెయ్యకూడదని మేనేజర్‌తో ముందే ఒప్పందం చేసుకో. ఖాళీ గళ్ళు ఎక్కడున్నాయో చూస్తే ఏ బండి ఎందుకు ఆగిందో ఆయనకే తెలుస్తుంది. నేను చివరి ఏళ్ళలో ఇలాగే చేశా, పైవాళ్ళు మొదట గొణిగినా రెండు డెలివరీలు అయ్యాక అందరి చేతా అదే షీట్ రాయించారు.

స్వీట్లు పంపిన పెద్దాయనకి నువ్వు కాదు, మీ మేనేజర్ వెళ్ళి ఒకసారి ఊరికే పలకరించి రమ్మను, బండి మాట ఎత్తకుండా. శనివారం సాయంత్రం నేను సెయింట్ మార్క్స్ రోడ్డు వైపే ఉంటా, వీలైతే రా, పాత షీట్ ఒకటి నా దగ్గర ఉంది, పేర్లు తీసేసి ఇస్తా.